చౌడు మట్టికి మర్యాద

పదవీ విరమణకు ఆరేళ్ల ముందు నన్ను మైదుకూరు అవతల ఒక మండలానికి వ్యవసాయాధికారిగా వేశారు. ఆ వేసవిలో మాకు అప్పగించిన పని భూసార పరీక్షలు. రైతుల పొలాల మట్టిని సేకరించి ప్రయోగశాలకు పంపాలి, ఏ ఎరువు ఎంత వేయాలో చెప్పే కార్డులు వచ్చాక పంచాలి.

అంతకు ముందు దాన్ని రైతులకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆ విద్యలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని అప్పట్లో నా నమ్మకం. ఒక ఊరి పంచాయతీ ఆఫీసులో ప్రొజెక్టరు పెట్టి గంటన్నర చెప్పాను. పొలంలో వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల ఆరంగుళాల లోతు గుంతలు తీయాలి. గుంత పక్కగోడ నుంచి పలచగా మట్టి చెక్కాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో పోయాలి. అందరూ తలలూపారు. రెండెకరాల్లో పసుపు వేసే ఓబులమ్మ మాత్రం, సంచి ఉతికి తేవాలా అని అడిగింది. తప్పకుండా అన్నాను. ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికినందుకు ఆ రోజంతా పొంగిపోయాను.

అందరికంటే ముందు మట్టి తెచ్చింది కూడా ఆమే. జల్లెడ పట్టి, రాళ్లు ఏరి, తెల్లటి సంచిలో పోసి తెచ్చింది. నమూనా అంటే ఇదీ అని పదిమందికీ ఎత్తి చూపించాను. మిగతా సంచులూ అంతే శుభ్రంగా వచ్చాయి.

కార్డుల ప్రకారం ఊళ్లో ఏ పొలానికీ ఏ లోపమూ లేదు. అక్కడ సగం నేల చౌడని బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. నాకు మాత్రం అనుమానం రాలేదు, సంతకాలు పెట్టి పంచేశాను. ఏటా తన పొలంలోని అరెకరం చౌడు చెక్కలో చౌడు విరగడానికి జిప్సం వేసే ఓబులమ్మ, కార్డులో అక్కర్లేదని ఉండటంతో ఆ ఏడు మానేసింది.

పసుపు మొలిచిన రెండు నెలలకు ఆమె కార్డునూ, పాలిపోయిన ఒక ఆకునూ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె వెంట పొలానికి వెళ్లి, మట్టి ఎక్కడ తీశావని అడిగాను. కాలువ మొదట్లో, ఏళ్ల తరబడి పెంట ఎరువు తిన్న నల్లటి మడి చూపించింది. పది గుంతలూ అందులోనే తీసింది, వంకరటింకరగానే.

“మరి ఆ చౌడు చెక్కలో ఎందుకు తీయలేదమ్మా?”

“ఆపీసుకు పంపేది గదా సారూ. పాడు మట్టి ఎట్ల పంపేది? ఉండేదాంట్లో మంచిదే ఇచ్చినా.”

ఊరంతా అదే మర్యాద పాటించింది. పెళ్లిచూపులకు చేసినట్టు మట్టిని ముస్తాబు చేసి పంపారు.

నాకు సిగ్గేసింది. ఆకు పాలిపోకుండా ఇనుము అందించే అన్నభేది ద్రావణం పిచికారీ చేయించాను గానీ, చౌడు చెక్కలోని ఆ అరెకరం పంట ఆ ఏడాది చేతికి రాలేదు. తప్పు నాదేనని ఆమెతో చెప్పాను.

“రోగం చూసేదానికని ముందే చెప్పింటే బాగుండు సారూ,” అంది.

మరుసటి ఏడు ఆమె రెండు సంచులు తెచ్చింది. ఒకటి బల్ల మీద పెట్టి, రెండోది కొంగు చాటు నుంచి తీసింది.

“దీన్ని మాత్రం ఎవురికీ చూపించాకండి సారూ.”

మట్టి ఎలా తీయాలో గంటన్నర చెప్పినవాణ్ని, ఎందుకు తీస్తారో అరనిమిషం చెప్పలేదు. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ ప్రొజెక్టరు తెరవలేదు. మీ పొలంలో నాకు చూపించడానికి సిగ్గుపడే చోటేదని మొదట అడిగేవాణ్ని. అక్కడి మట్టి వేరే సంచిలో తెమ్మనేవాణ్ని.