సూర్యం బావ లేని పొట్ట

సూర్యానికి ఉన్నది ఒక్కటే జబ్బు. తాను లావైపోతున్నానని బెంగ.

కాస్త ఒళ్ళు చేసిన మనిషేమో అనుకునేరు. సోంపేట నుంచి బారువ దాకా ఉన్న తోటల్లో ఆయనకన్నా సన్నటిది ఏదైనా ఉందంటే అది కొబ్బరి ఈనె ఒక్కటే. ఆయన చొక్కా తొడుక్కున్నా, అది ఇంకా దండెం మీదే ఉన్నట్టుండేది. తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పడిపోతే, పెరట్లో నిలబడ్డ సూర్యానికి మాత్రం ఏమీ కాలేదు. గాలికి ఆయన కనబడలేదని ఊరంతా చెప్పుకుంటారు.

అలాంటి మనిషి పోయిన వేసవిలో ఒక సాయంత్రం బామ్మర్ది భానుప్రకాష్ ఇంటికొచ్చి, అరుగు మీద కూలబడి, పొట్ట ఉండవలసిన చోట చొక్కాని పిడికిట్లో పట్టుకుని చూపించాడు.

"సూసినావా బామ్మర్దీ, ఎలా పెరిగిపోనాదో!"

"ఏటి బావా?"

"పొట్ట!"

భానుప్రకాష్ వంగి చూశాడు. చొక్కా ఉంది. దాని వెనక వీపు ఉంది. మధ్యలో ఇంకేమీ కనబడలేదు.

"నాకేటీ కనబడ్లేదు బావా."

"నీకెలా కనబడుద్ది? నీది అడ్డొత్తంది కదేటి!"

అదీ నిజమే. భానుప్రకాష్ సోంపేటలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన లేస్తే కుర్చీ కూడా ఆయనతోపాటే లేచేది. ఆ మధ్యనే డాక్టరు గట్టిగా చెప్పాడు. షుగరు అంచు మీదుంది, బీపీ ఎక్కింది, బరువు తగ్గకపోతే ఇక బతుకంతా మందులేనన్నాడు. "పస్తులుండకండి. టీవీలో చూపించే పొడులు అసలే మింగకండి, మన ఉద్దానంలో కిడ్నీలతో ఆటలొద్దు. అన్నం తగ్గించి కూరలు పెంచండి. రోజూ వడివడిగా నడవండి. బరువు నెమ్మదిగా తగ్గితేనే నిలుస్తుంది," అన్నాడు.

భానుప్రకాష్ ఒక్కరోజు నడిచి మానేశాడు. భార్య భవాని అడిగితే చెప్పులు కరిచాయన్నాడు. కొత్త చెప్పులు తెస్తే కుక్కలన్నాడు. కర్ర చేతికిస్తే మూఢం వెళ్ళనీ అన్నాడు.

"రేపట్నుంచి నాను నడవాల," అన్నాడు సూర్యం. "ఒక్కన్నీ నడవనేను. నువ్వు తోడు రావాల. మీ అప్ప మీద ఒట్టు!"

అక్క మొగుడు, పైగా అక్క మీదే ఒట్టు. కాదనేదెలా?

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. దారిలో పైడితల్లి టీకొట్టు. ఊళ్ళో నోరున్నవాళ్ళంతా ఆ వేళకి అక్కడే ఉంటారు. అందరికన్నా పెద్ద నోరు సునీల్‌ది.

"ఏటి సూర్యం మావా, ఇంత పొద్దున్నే ఎక్కడికీ?"

"ఒల్లు తగ్గడానికిరా!"

టీగ్లాసులన్నీ ఒక్కసారి వణికాయి. "ఇంకా తగ్గితే నీడ కూడా మిగల్దు మావా!" అన్నాడు సునీల్.

"ముందు తగ్గాల్సింది ఆ నీడేరా. పొద్దున్న సూడు, ఎంత బారున పడతాదో! మోయనేక సత్తన్నాను."

సునీల్ తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. పైడితల్లి గరిటె వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ పక్కన నడవడానికి సిగ్గేసి భానుప్రకాష్ తల దించుకుని వడివడిగా అడుగులేశాడు. వడివడిగా నడవమనే డాక్టరు చెప్పాడన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

నడక కుదిరాక సూర్యం తిండి మీద పడ్డాడు. పొద్దున్న నడిచి రాగానే భవాని ముందు చెయ్యి చాపేవాడు.

"అమ్మా భవానీ, మీ ఆయనకిచ్చిందే నాకియ్యి. ఒక్కన్నీ కూకుని తింతే నాకు పట్టుదల నిలవదు."

పూరీలు పోయి రాగిపిండితో కాచిన చోడి అంబలి, మజ్జిగ వచ్చాయి. రాత్రి కంచంలో అన్నం గుప్పెడైంది. ఆనపకాయో, బీరకాయో, తోటకూరో కొండలా పెరిగింది. సాయంత్రం పకోడీ పొట్లం చోటికి జామకాయ వచ్చింది. భానుప్రకాష్ ఎప్పుడైనా అన్నంగిన్నె వైపు చూస్తే చాలు, సూర్యం గుండె పట్టుకునేవాడు. "ఆ గిన్నె దాస్సెయ్యమ్మా! నాకు సూత్తేనే ఒల్లొచ్చేత్తంది!"

టెక్కలిలో పెళ్ళికి వెళ్ళినప్పుడు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. బూరెల గంప రాగానే సూర్యం రెండు చేతులూ విస్తరి మీద బోర్లించి, "వద్దు! నాను డైటింగు!" అని కేక పెట్టాడు. పంక్తి పంక్తంతా ఆయన మీద పడింది. పెళ్ళికూతురి తండ్రి పరుగున వచ్చాడు. "ఈయనకి డైటింగేటి, సెలైన్ ఎక్కించాల!" అని ఎవరో అరిచారు. ఒకరు చేతులు పట్టుకుంటే ఒకరు బూరెలు వడ్డించారు. ఆ గొడవలో భానుప్రకాష్‌ని బలవంతపెట్టడం అందరూ మర్చిపోయారు. పెళ్ళి భోజనం నుంచి ఒకే ఒక్క బూరెతో లేవడం ఆయన పుట్టాక అదే మొదలు.

వానలు వెళ్ళేసరికి భానుప్రకాష్ ప్యాంట్లన్నీ దర్జీ దగ్గరికి వెళ్ళొచ్చాయి. కుర్చీ ఉన్నచోటే ఉంటోంది. రక్తపరీక్ష చూసి డాక్టరు భేష్ అన్నాడు. సూర్యానికి మాత్రం బుగ్గలు లోపలికి పోయాయి, లుంగీ నిలవడం లేదు.

"ఇక సాలు బావా," అన్నాడు భానుప్రకాష్ భయపడి.

"ఇంకొక్క రెండు కేజీలు, బామ్మర్దీ!"

ఒక ఆదివారం మధ్యాహ్నం భానుప్రకాష్ జీడితోటలోంచి అడ్డంగా నడిచి అక్క ఇంటికి వెళ్ళాడు. పెరటి వసారాలో సూర్యం పీట వేసుకుని కూర్చున్నాడు. ముందు గుట్టగా అన్నం, పనసపొట్టు కూర, చేపల పులుసు, ఉడికించిన గుడ్లు, గిన్నె నిండా నేతిలో వేయించిన జీడిపప్పు. చెమటలు కక్కుతూ తింటున్నాడు.

"దొంగ బావా! నాసేత ఆకులు తినిపించి నువ్వు సేసే పనిదా!"

సూర్యం నోటినిండా ముద్ద. "ఊఁ... ఊఁ..." తప్ప ఇంకేమీ రాలేదు. లోపల్నుంచి అక్క పెద్దతల్లి అన్నం తపేలాతో వచ్చింది.

"ఆయన్ననకురా. నీతో నడిసి, మీ ఇంట్లో ఆ అంబలి తాగి ఎముకలు తేలిపోనాయి. బలమైన తిండి తినకపోతే మంచమెక్కుతావని డాక్టరు తిట్టినాడు."

"మరెందుకప్పా ఈ నడక?"

"ఊఁ!" అని సూర్యం చెయ్యి అడ్డం పెట్టాడు. పెద్దతల్లి ఆ చెయ్యి పక్కకు తోసేసింది.

"నువ్వొక్క రోజు నడిసి ఎందుకు మానేసినావు? సెప్పులు, కుక్కలు అని మా భవానికి సెప్పు. టీకొట్టు కాడ ఆ సునీల్ 'రోడ్డు రోలరొచ్చింది, తప్పుకోండ్రా' అన్నాడు కదా? అప్పుడీయన అక్కడే ఉన్నాడు. ఆ పూట ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు. 'నవ్వేవోలకి నవ్వుకోడానికి ఇంకేదైనా ఇచ్చెయ్యాల్నే' అన్నాడు."

ఆ మాట భానుప్రకాష్ భార్యకి కూడా చెప్పుకోలేదు.

సూర్యం ఎట్టకేలకు ముద్ద మింగాడు. "మరేటి సెయ్యమంటావు? నిన్ను సూసి నవ్వే హక్కు బావని, నాకొక్కడికే ఉంది. అది ఊరందరికీ పంచేత్తానేటి?"

భానుప్రకాష్‌కి కళ్ళు మండాయి. చేపల పులుసులో కారం ఎక్కువైందన్నాడు. పులుసు ఆయన ముట్టుకోనైనా లేదు. పక్కన కూర్చుని బావ కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించాడు.

"తిను. రేపట్నుంచి నువ్వు రావద్దు. నానొక్కన్నే నడుత్తాను."

మర్నాడు ఒక్కడే బయల్దేరాడు. టీకొట్టు దగ్గర సునీల్ కేకేశాడు. "ఏటి భానుప్రకాష్ మావా, ఆ లావుపాటాయన రాలేదేటి?"

"ఆయన కోర్సు పూర్తయిపోనాదిరా. మరి నీ పొట్టెప్పుడు మొదలెడతాది నడక?"

కొట్టు కొట్టంతా గొల్లుమంది. సునీల్ ఒకసారి కిందికి చూసుకుని గ్లాసుతో పొట్ట కప్పుకున్నాడు. భానుప్రకాష్ కూడా నవ్వాడు. ఈసారి తల దించుకోలేదు, తొందరపడనూ లేదు.

కొట్టు దాటాడో లేదో వెనక సైకిల్ బెల్లు మోగింది. చూస్తే సూర్యం. హ్యాండిల్‌కి క్యారేజీ, ఒక చేతిలో అరటిపండు.

"రావద్దన్నాను కదా బావా!"

"నాను నడవడానికి రానేదురా, తినడానికొచ్చినాను. నువ్వు తగ్గించినదంతా బయటోళ్ళ పాలైపోకుండా నాను పట్టుకోవాల కదేటి. ఇంటి బరువు ఇంట్లోనే ఉండాల!"

అంటూ ఒంటిచేత్తో క్యారేజీ మూత తీశాడు. వేడివేడి జీడిపప్పు ఉప్మా, పైన నెయ్యి. ఆ వాసన గాలిలో కలిసి సరాసరి భానుప్రకాష్ ముక్కు దగ్గరికొచ్చి ఆగింది.

"మూత పెట్టు బావా! నీ కాళ్ళట్టుకుంతాను!"

"పెట్టను."

ఇక నడకతో లాభం లేదని భానుప్రకాష్ పంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నాడు. వెనకాలే బెల్లు కొట్టుకుంటూ, ఉప్మా నములుతూ సూర్యం. బారువ దారిలో కొబ్బరితోటల పొడవునా ఆ బెల్లు వినబడుతూనే ఉంది.