బోర్లించిన లోటా

నా చిన్నప్పుడు మా ఇంట్లో దీపాన్ని నోటితో ఊదడమంటే పెద్ద తప్పు. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, ఈ విషయంలో ఎవరి మాటా వినేది కాదు. దేవుడి గూట్లో ప్రమిద అయితే నూనె అయిపోయి దానంతట అది కొండెక్కేదాకా వదిలేయాలి, తొందరైతే పువ్వుతో ఒత్తిని నూనెలోకి లాగాలి. లాంతరుకు మర ఉంటుంది కాబట్టి తిప్పితే సరిపోయేది. ఎవరైనా మరిచిపోయి ఉఫ్ అన్నారా, ఆ పూటంతా ఆమె సణుగుడు వినాల్సిందే. ఎంగిలి గాలితో లక్ష్మిని తరిమినట్టేనని ఆమె నమ్మకం. ఇందులో కొవ్వొత్తి సంగతి ఏమిటని మాత్రం ఎవరూ ఆలోచించలేదు. దానికి ఒత్తిని ముంచడానికి నూనె లేదు, తిప్పడానికి మర లేదు. అయినా వెలుగుతుంది కాబట్టి మా అవ్వ దృష్టిలో అదీ దీపమే.

తిరుపతిలో మేమున్న సందులో అన్నీ పెంకుటిళ్లే. సందె వేళకు కరెంటు పోవడం మామూలు. ఆ కాలంలో కరెంటు ఉండటమే విశేషం కాబట్టి పోయినందుకు ఎవరూ పెద్దగా తిట్టుకునేవారు కాదు, లేచి వెతుక్కునేవారు. మా లాంతరు అద్దం పగిలిపోయాక కొత్తది తేవడం నాయనకు కుదరలేదు. ఆయన లారీ తోలేవాడు. తడ మీదుగా మద్రాసుకు పోతే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అందుకని మాకు కొవ్వొత్తులే గతి. కరెంటు రాగానే అమ్మ వాటిని ఆర్పే తీరు ఒకటుండేది. కొంగు కొస పట్టుకుని ఒక్కసారి విసిరేది. గాలికి మంట ఆరిపోయేది. అత్త మాట దక్కేది, పనీ అయ్యేది. నూలు చీర కట్టినంత కాలం ఆ పద్ధతి మమ్మల్ని ఏమీ చేయలేదు.

ఒకసారి నాయన మద్రాసు నుంచి అమ్మకు నైలాన్ చీర తెచ్చాడు. వంకాయ రంగు మీద తెల్ల చుక్కలు. ఉతికితే ఇట్టే ఆరిపోతుందని, ఇస్త్రీ అక్కర్లేదని అందరికీ దాని మీద మోజు. అమ్మ ఆ చీర కట్టుకున్న సాయంత్రమే కరెంటు పోయి వచ్చింది. అలవాటుగా కొంగు విసిరింది. ఆ పలచటి కొస మంటలో పడి చుర్రుమని ముడుచుకుంది, అంతలోనే నిప్పు చేతి దాకా పాకింది. అమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. ఆమెకు కుట్టిన రవికె ఇవ్వడానికని సరిగ్గా అప్పుడే గడపలోకి వచ్చిన పక్కింటి అక్క, కాళ్లు తుడుచుకోవడానికి వేసి ఉన్న తడి గోనెపట్టా తీసి అమ్మకు చుట్టేసింది. తరవాత జాలాట్లో, అంటే గిన్నెలు తోముకునే చోట, కూర్చోబెట్టి చేతి మీద చల్లటి నీళ్లు పోస్తూనే ఉంది. అవ్వ పసుపు తెస్తానంటే వద్దంది, ఇంకెవరో సిరా పూయమంటే అదీ వద్దంది.

చెయ్యి మానింది. మోచేతి కింద చర్మం కాస్త ముడత పడిందంతే. మాననిదల్లా అమ్మ భయం. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వింటే చాలు, తమ్ముణ్ణి ఎత్తుకుని పెరట్లోకి పోయేది. పొయ్యి దగ్గరికి పోలేదు. అన్నం, కూర, పాలు కాచడం అన్నీ అవ్వ మీద పడ్డాయి. అవ్వకేమో రెండు కళ్లకూ పొరలు. పుల్ల గీసి పొయ్యికి కాక పొయ్యి పక్కన గోడకు పెట్టడం నేను చూశాను. సందె వేళ కరెంటు పోతే మాత్రం వెలిగించే ప్రసక్తే లేదు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చీకట్లోనే ఉండేది. మా సందు చీకట్లో మునిగినా కొండ మీద దీపాలు వెలుగుతుండేవి, గుమ్మంలోంచి వాటిని చూస్తూ కూర్చునేవాళ్లం.

నాయన వచ్చి ఇదంతా చూశాడు. ఆయన అమ్మను ఒక్క మాట కూడా అనలేదు. కొన్నాళ్లు పలమనేరులో పుట్టింట్లో ఉంటే మనసు కుదుటపడుతుందని, ఈసారి లోడు దించి రాగానే తీసుకెళ్లి దింపుతానని చెప్పాడు. పసివాడు కాబట్టి తమ్ముడు అమ్మతో పోవాలి. బడి ఉంది కాబట్టి నేను అవ్వ దగ్గర ఉండాలి. ఎన్నాళ్లని నేను అడగలేదు. అడిగితే చాలా ఎక్కువ చెబుతారేమోనని భయం. అమ్మ ట్రంకుపెట్టె దించి తమ్ముడి చొక్కాలు సర్దడం మొదలుపెట్టింది. నాకు అన్నం సయించేది కాదు.

పక్కింటి అక్క సంగతి చెప్పాలి. ఇంట్లోనే మిషను కుట్టేది. ఆదివారం పొద్దున చర్చికి పోయి వచ్చేటప్పుడు, అక్కడ కరిగి కారిపోయిన మైనం ముక్కల్ని కాగితంలో పొట్లం కట్టుకుని తెచ్చుకునేది. వాటితో సొంతంగా కొవ్వొత్తులు పోసేది. అచ్చులు కొనే పని లేదు. మా పెరట్లో బొప్పాయి చెట్టు ఉండేది, మా వైపు పరంగి చెట్టంటాం. దాని ఆకు కాడ లోపలంతా బోలుగా ఉంటుంది కదా, అదే ఆమెకు అచ్చు. కాడను బెత్తెడు ముక్కలుగా కోసి, ఒక చివర బంకమట్టితో మూసి, నడిమధ్యన నూలు ఒత్తి దించి, అది జారకుండా పైన చీపురుపుల్ల అడ్డం పెట్టి, అందులో మైనం పోసేది. గట్టిపడ్డాక కాడను నిలువునా చీలిస్తే లోపల నున్నటి కొవ్వొత్తి. కాడ గీతలు దాని ఒంటి మీద సన్నగా పడి ఉండేవి, చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

ఎప్పుడూ కాడలు కోసుకుని వాళ్లింటికి పోయే అక్క, ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం కుంపటి, గిన్నెలు, మైనం అన్నీ మా పెరట్లోకే మోసుకొచ్చింది. చెట్టు మీ పెరట్లోనే ఉంది కదా, పచ్చి కాడలైతే బాగుంటాయి అని ఏదో చెప్పింది. అమ్మ దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది. అక్క ఆమెను దగ్గరికి రమ్మనలేదు. నూలు ఉండ ఒకటి విసిరి ఒత్తులు పేనమంది. నిప్పుతో సంబంధం లేని పని కాబట్టి అమ్మ పేనింది. కుంపటి మీద నీళ్ల గిన్నె, ఆ నీళ్లలో మైనం డబ్బా. మైనాన్ని నేరుగా నిప్పు మీద పెడితే అదే అంటుకుంటుందని, నీళ్ల వేడికైతే బుద్ధిగా కరుగుతుందని అక్క నాకు చెబుతున్నట్టుగా చెప్పింది. అమ్మ వినడం నేను గమనించాను.

మొదటి కొవ్వొత్తి కాడ చీలి బయటికి రాగానే, ఎలా కాలుతుందో చూడాలని అక్క దాన్ని ఇసక పోసిన మూకుట్లో నిలబెట్టి వెలిగించింది. పట్టపగలు, ఎండలో మంట ఉందో లేదో కూడా సరిగా తెలియదు. వెలిగించి వెంటనే రెండు చేతులూ మైనపు పనిలో పెట్టేసింది.

"అక్కా, ఇది పక్కకి కారతా ఉండాది. నా సేతులు రెండూ మైనంలో ఉండాయి. ఆ లోటా తీసి దీని మీద బోర్లించు" అంది అమ్మతో.

"నేనా?" అంది అమ్మ.

"నువ్వు గాక ఇంకెవురుండారు ఈడ? పాపకు సెప్తే నువ్వే ఒద్దంటావు."

అక్క తెచ్చిన గిన్నెల్లో సొట్టలు పడిన ఇత్తడి లోటా ఒకటి ఉంది. అమ్మ దాన్ని పట్టుకుని, చెయ్యి ఎంత చాపగలదో అంత చాపి, ముఖం పక్కకు తిప్పుకుని మంట మీద బోర్లించింది. ఏమీ కాలేదు. చప్పుడు లేదు, నిప్పురవ్వ లేదు. కాసేపటికి లోటా ఎత్తి చూస్తే ఒత్తి కొస నల్లగా ఉంది, దాని మీద సన్నటి పొగ. 

తరవాత ప్రతి కొవ్వొత్తికీ అక్క ఏదో ఒక వంక పెట్టింది. ఒకటి పొగ ఎక్కువగా వదులుతోందంది. ఒకటి ఒత్తి లావైందంది. ఇంకొకటి చిటపటమంటోందంది. వెలిగించేది అక్క, ఆర్పేది అమ్మ. రెండోసారికి అమ్మ ముఖం తిప్పుకోలేదు. ఇంకాసేపటికి గోడ దగ్గర్నుంచి లేచి కుంపటికి ఇవతలగా వచ్చి కూర్చుంది. ఆ కొవ్వొత్తులు తరవాత మా ఇంట్లోనే కాలాయి. ఒక్కటి కూడా పక్కకు కారలేదు, చిటపటమనలేదు. చర్చికి పోయే మనిషి, అక్క ఆ మధ్యాహ్నం ఆడినన్ని అబద్ధాలు తన మిగతా బతుకంతా కలిపి ఆడి ఉండదు.

పొగ వాసన వసారాలో పడుకున్న అవ్వ దాకా పోయింది. గోడ తడుముకుంటూ పెరట్లోకి వచ్చేసింది.

"ఎవురుమే, ఊదినారా?"

"ఊదలే అవ్వా, కొంగుతో ఇసరనూ లేదు. లోటా బోర్లిస్తే లోపలే కొండెక్కిండాది" అంది అక్క.

అవ్వ నమ్మలేదు. తన ముందర మళ్లీ చేయమంది. అక్క వెలిగించింది. అవ్వకు మంట మసకగా కనిపించింది కాబోలు, దాని వేడికి అరచెయ్యి పెట్టి చూసింది. అమ్మ లోటా బోర్లించింది. అవ్వ వంగి లోటా మీద వేలు ఆనించి, చల్లారేదాకా అలాగే ఉంది. తరవాత నేల మీద కూలబడి, అమ్మ కాలిన చేతిని తన ఒళ్లోకి లాక్కుంది.

"ఈ మాత్రం నాకు తోచింటే నీ సెయ్యి కాలుండదు గదమ్మే" అంది. అవ్వ ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. అమ్మ చెయ్యి కాలిన తరవాత ఇంట్లో ఎవరూ అనని మాట అది, అందరి గొంతులోనూ ఉన్న మాట. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నువ్వేం సేస్తావులే అత్తా" అని మాత్రం అంది.

పోయేముందు అక్క లోటాను మా ఇంట్లోనే వదిలేసింది. దానితో పాటు లోటా దిగేంత వెడల్పున్న పాత పాలపొడి డబ్బా ఒకటి. పై మూత, అడుగు రెండూ పూర్తిగా తీసేసి, చుట్టూ మేకుతో పూలు, చుక్కలు చిల్లులు పొడిచింది. మూకుట్లో కొవ్వొత్తి చుట్టూ దాన్ని నిలబెడితే పిల్లవాడి చెయ్యి మంటకు తగలదని చెప్పింది. దోమతెరకూ కిటికీకీ దూరంగా పెట్టమంది. పెరటి గుమ్మం దగ్గర నన్ను ఆపి, "ఎలిగించేది ఎవురైనా ఎలిగిస్తారు పాపా. ఆర్పేది సేతికి అందుతా ఉంటే మనిసికి బయముండదు" అంది. నాకు అప్పుడు సగమే అర్థమైంది.

నాయన వస్తాడనుకున్న రోజు సందె వేళ కరెంటు పోయింది. ట్రంకుపెట్టె తాళం వేసి గుమ్మం పక్కనే ఉంది. అవ్వ పొయ్యి గట్టు మీద అగ్గిపెట్టె కోసం తడుముతోంది, గిన్నె ఒకటి దొర్లింది. చీకట్లో అమ్మ లేచిన చప్పుడైంది.

"ఇట్లియ్యి అత్తా."

అమ్మ తొందరపడలేదు. మూకుడు తెచ్చి నేల మీద పెట్టింది. కొవ్వొత్తిని ఇసకలో గుచ్చింది. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. కుడిచేతి పక్కన లోటా పెట్టి, అది అక్కడే ఉందో లేదో ఒకసారి తాకి చూసుకుంది. అప్పుడు పుల్ల గీసింది. మొదటిది విరిగింది. రెండోది అంటుకుంది. ఆ వెలుతురులో అమ్మ ముఖం చెమటతో తడిసి ఉంది, పుల్లను మాత్రం ఒత్తి అంటుకునేదాకా వదల్లేదు. డబ్బా నిలబెట్టగానే గోడల నిండా వెలుతురు పూలు విచ్చుకున్నాయి. తమ్ముడు వాటిని పట్టుకోవాలని గోడను అరచేతులతో కొడుతూ ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తాడు. అవ్వ తనకా పూలు కనబడకపోయినా నవ్వింది.

నాయన వచ్చి గడపలోనే ఆగిపోయాడు. గోడల్ని చూశాడు, మమ్మల్ని చూశాడు.

"ఎవురు ఎలిగించింది?"

"ఇంకెవురు, నీ పెండ్లామే" అంది అవ్వ, ఎంత గర్వంగా అందో.

ఆయన ట్రంకుపెట్టెను ఎత్తి లోపలి అటక మీద పెట్టేశాడు. అంత బరువు పెట్టె నా గుండె మీద నుంచే దించినట్టనిపించింది. ఆ రాత్రి మా అమ్మ చేతి వంట. చింతపండు చారు, అన్నం, అంతే. మళ్లీ మళ్లీ పెట్టించుకుని తిన్నాను. తిన్నాక అమ్మ లోటా అందుకుని డబ్బాలోకి దించి బోర్లించింది. ఆ చీకటికి నాకు భయం వేయలేదు.

ఆ లోటా ఇప్పుడు నా దగ్గరుంది. లోపలంతా మసి పట్టి ఉంది, చింతపండుతో తోమినా పోదు. మనవరాలు పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తుల్ని ఊదేస్తుంటే నేనేమీ అనను, మా అవ్వ వినకపోతే చాలనుకుంటాను. కానీ పొయ్యి వెలిగించినా, దీపావళికి పిల్లల చేత కాకరపువ్వొత్తి పట్టించినా, ముందు నా కళ్లు నీళ్ల బకెట్ కోసమో తడిబట్ట కోసమో వెతుకుతాయి. అది కనబడ్డాకే చెయ్యి ముందుకు పోతుంది. భయపడుతున్న మనిషికి ధైర్యం చెప్పడం కూడా నేను ఎప్పుడో మానేశాను. చేతిలో ఏమైనా పెట్టగలనా అని చూస్తాను.

అమ్మ చివరిదాకా నాతోనే ఉంది. కరెంటు పోయినప్పుడల్లా అందరూ అగ్గిపెట్టె కోసం వెతుక్కుంటుంటే, మంచం మీద నుంచి ఆమె గొంతు ఒక్కటే వేరుగా వినిపించేది: "ముందు లోటా యాడుండాదో సూడండి."