బొట్టు తీసే వేషం

వాకాడు దగ్గర మా ఊరి రేవులో ఈ రోజు సినిమా షూటింగ్ జరిగింది. పాత నవలలోని ప్రేమకథ. పేరు చెప్పొద్దన్నారు గానీ మీరు పట్టేస్తారు. హీరో పడవెక్కి వెళ్తాడు, హీరోయిన్ ఒడ్డున ఎదురుచూస్తుంది. ఆమె పక్కన నిలబడే విధవరాలి వేషానికి సిటీ ముఖాలు వద్దని దర్శకుడు నన్ను ఎంచుకున్నారు. నేనూ సరదాపడి తెల్లచీర కట్టుకున్నాను.

మేకప్ అమ్మాయి తడిగుడ్డతో నా కుంకుమ తుడుస్తుంటే మా అత్త పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు సముద్రంలో వేటకు పోయుండాడు. వాడు ఒడ్డుకు చేరిందాకా ఈమె బొట్టు తీసేదానికి లేదు."

"ఇది సినిమానే కదమ్మా," అన్నారు దర్శకుడు.

"సినిమా అని గంగమ్మకు ఎవురు చెప్తారు సామీ?"

ఆయన నవ్వి, ఆ వేషం హీరోయిన్ అసిస్టెంటుకు ఇచ్చేశారు. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్నే. కానీ అప్పటికే నా బొట్టు సగం చెరిగిపోయింది.

ఇప్పుడు చీకటి పడుతోంది. మిగతా బోట్లన్నీ వచ్చేశాయి. మాది రాలేదు, మా ఆయన ఫోన్ కలవడం లేదు. మళ్లీ పెద్దగా బొట్టు పెట్టుకుని, ఊరికే కూర్చోలేక రేవులోనే ఇది రాస్తున్నాను. ఆ నవల చదివినవాళ్లుంటే ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. హీరో పడవ తిరిగొస్తుందో లేదో మాత్రం చెప్పకండి.