జానకు రెండు వేళ్ళు తక్కువ

ఇందులో ప్రతి మాటా నిజమని ప్రమాణం చేస్తున్నాను. మా దిక్కు ప్రమాణమంటే తలమీదుగా నీళ్ళు పోసుకుని తడిబట్టలతో నిలబడాలి, లేకపోతే చెల్లదు. మా ఊళ్ళో దానికి రెండు బిందెలు ఖర్చు కనుక మావాళ్ళు ప్రమాణాల జోలికి పెద్దగా పోరు. నేను మాత్రం ఈ సంగతులు జరిగిన ఏడు రోజులూ నిలువునా తడిసే ఉన్నాను. ఇంతకన్నా చెల్లుబాటయ్యే ప్రమాణం అనంతపురం జిల్లాలో ఇంకొకటి దొరకదు.

నాకు గార్లదిన్నెలో ఎరువుల కొట్టు ఉంది. ఒక ఏడు సరుకు బాగా అమ్మానని కంపెనీ వాళ్ళు థాయిలాండ్‌కు రెండు టికెట్లు ఇచ్చారు. మంచి కాలంలో కాదు, అక్కడ వానలు ముదిరాక. ఆ నెలల్లో మేం పోవాల్సిన దీవికి బుద్ధున్నవాడెవడూ పోడట, హోటళ్ళు సగం ఖాళీ అట. టికెట్లు తెచ్చిన కుర్రవాడు మొహమాటపడుతూ, "వాన కొంచెం ఇబ్బంది పెడుతుంది సార్" అన్నాడు. వానను ఇబ్బంది అనే మనిషిని నేను చూడటం అదే మొదలు.

మా ఆవిడకు విమానమంటే భయం. రెండో టికెట్టుకు మా బావ దొరికాడు. బావ అంటే మా అక్క మొగుడు. శింగనమల పక్కన తొమ్మిదెకరాల ఎర్రనేల, మొత్తం వానను నమ్ముకున్నదే. విత్తనం వేరుశెనగ ఒలిచి సంచుల్లో పెట్టి నెల దాటింది, ఒక్క మేఘమూ దారి తప్పి ఇటు రాలేదు. అదను పోవడానికి ఇంక పది రోజులుంది. ఈలోపల పదును కావాలి, అంటే విత్తేందుకు సరిపడా తడి నేలలోకి దిగాలి. మా ఎర్రనేలలో ఆ తడి మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఆ మూడు రోజుల్లో విత్తితే పంట, లేదంటే ఆ ఏటికి చేను బీడు.

"నేను రానప్పా. నేనట్ల పోతానే ఇట్ల వాన పడతాది" అన్నాడు బావ.

"అట్లయితే నువ్వు పోతే ఊరికంతా పుణ్యం. పో" అంది అక్క.

బావ తన నల్ల గొడుగు వెంట తెచ్చుకున్నాడు. దీవిలో బస్సు దిగేసరికి ఎండ కాస్తోంది. బావ గొడుగు విప్పాడు. నాలుగడుగులు వేశామో లేదో కుంభవృష్టి మొదలైంది. బావ చటుక్కున గొడుగు ముడిచి, అది తడవకుండా చంకలో దాచి, మొహం పైకెత్తి నిలబడ్డాడు. పక్కనే నేను. మా దగ్గర గొడుగు ఎండకు కదా. బస్సులో మిగిలినవాళ్ళు అద్దాల్లోంచి మమ్మల్ని ఫోటోలు తీసుకున్నారు. ఆ పది నిమిషాల్లోనే బావ చొక్కా జేబులో ఫోన్ ప్రాణం విడిచింది. జేబులోకి నీళ్ళు వస్తాయని జాగ్రత్తపడే అవసరం యాభై ఏళ్ళలో ఆయనకు ఒక్కసారీ రాలేదు మరి.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే బావ గదిలో లేడు. హోటల్ ముందున్న పచ్చికలో, వానలో, గొంతుక్కూర్చుని వేళ్ళతో నేల తవ్వుతున్నాడు. పదును చూస్తున్నాడు! చేయి మోచేతి దాకా మట్టిలోకి దించి, "మూరెడు దాటింది బామ్మర్దీ. ఇంగా అంతు చిక్కలేదు. ఇంత పదును పెట్టుకోని పనికిమాలిన గడ్డి పెంచుతాండారు, చూడు" అన్నాడు. హోటల్ కాపలావాడు ఈయన ఉంగరం పోగొట్టుకున్నాడనుకున్నట్టున్నాడు. ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చి తానూ తవ్వడం మొదలుపెట్టాడు. నలుగురూ తవ్వుతుండగా నా ఫోన్ మోగింది. తడవకుండా వరండాలోకి పోయి ఎత్తాను. అక్క.

"ఏమిరా, మీ బావ ఫోన్ ఎత్తడే?"

"వానలో తడిసి చచ్చింది అక్కా."

"ఈడ గూడా వాన కొట్టిందిరా! మీరు విమానం ఎక్కిన సాయంత్రమే. తడి జానకు రెండు వేళ్ళు తక్కువ దిగింది. విత్తేదా అని మీ బావను అడుగు."

నేను పరుగెత్తిపోయి చెప్పాను. బావ మట్టి చేతులు దులుపుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

"పోప్పా. చిరుతపులిని యూరియా సంచిలో కట్టేసినానని ఊరంతా చెప్పినోడివి నువ్వు."

"అది చిన్నపులి బావా. ఇది వాన. విత్తేదా అని అడగతాంది అక్క."

"వద్దని చెప్పు. ఇంగో వాన చూసి విత్తుదాం."

ఇంకో వానను మా జిల్లాలో ఎవరూ తూకం వేసి ఇవ్వలేరు. పైగా ఆయన వెనుకంజకు వేరే కారణముందని నాకు తెలుసు. మూడేళ్ళ కింద అక్క తొందరపెడితే బావ తక్కువ పదునులో విత్తాడు, తర్వాత చినుకు రాలలేదు. "నీ మాట విని" అన్న మాటను ఏడాది పొడుగునా అన్నంతో పాటు ఆమెకు వడ్డించాడు. అప్పటినుంచి చేను సంగతిలో అక్క నోరు విప్పడం మానేసింది. ఇప్పుడు విత్తమని అనవలసింది ఆయనే.

"వాన పడింది బావా, అబద్ధం కాదు."

"ప్రమాణం చెయ్యి. తడిబట్టల్తో."

"ఈడికి వచ్చినప్పటి నుంచి నేను పొడిబట్టల్తో యాడ ఉండా బావా?"

వానలో నిలబడి, చేయి చాపి, వాన పడిందని, తడి అంత లోతు దిగిందని ప్రమాణం చేశాను. కాపలావాళ్ళు ముగ్గురూ లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"ఎంత దిగిందన్నావు?"

"జానకు రెండు వేళ్ళు తక్కువ."

బావ తన జాన చాపి, అందులోంచి రెండు వేళ్ళు తగ్గించి చూసుకున్నాడు.

"నువ్వు అబద్ధం చెప్పాలంటే మూరెడు అంటావు. చెరువు తెగిందంటావు. ఇట్లాంటి పిసినారి కొలత నీ నోట్లో పుట్టేది కాదు. అది మీ అక్క వేలే." కళ్ళు తుడుచుకున్నాడు. వాన నీళ్ళే అయి ఉంటాయి. "విత్తమను."

అక్కకు ఫోన్ చేసి, విత్తమన్నాడని చెప్పాను. "సరే" అని పెట్టేసింది.

ఆ తర్వాత ఐదు రోజులూ బావ సముద్రం చూడలేదు. పడవలో కూర్చోబెడితే, "ఈ పాటికి ట్రాక్టరు రెండో మడిలో ఉంటాది" అన్నాడు. గుడికి తీసుకుపోతే బంగారు విగ్రహం ముందు మొక్కి, "ఇంత గాదు సామీ, ఇందులో పదోవంతు మావైపు తోలు" అన్నాడు.

బెంగళూరులో దిగి, బస్సు పట్టుకుని, పెట్టెలతో సహా నేరుగా చేనికి పోయాం. అక్క గట్టుమీద నిలబడి ఉంది. సాలు పొడుగునా నేల పగిలి, మడిచిన ఆకులతో మొలకలు తలలెత్తుతున్నాయి. బావ కూర్చుని, ఒక మొలక పక్కన మట్టి తొలిచి, వేరు పొడవు చూశాడు. వేళ్ళమీద ఏదో లెక్కేసుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"ఇది ఆరు దినాల మొలక కాదప్పా. ఏడు దినాలది."

నేను ఆకాశం వైపు చూశాను.

"ఆ దేశంలో ఫోన్లు శానా గట్టివి. నేను చెప్పకముందే నా మాట చేనికి చేరింది" అన్నాడు. లేచి, గట్టుమీదికి వినపడేలా గొంతు పెంచాడు. "నేను విత్తమన్నది మంచిదయింది, లేకుంటే చేను బీడు పడేది!"

"అవును, నువ్వు చెప్పబట్టే" అంది అక్క, కొంగుతో మూతి తుడుచుకుంటూ.

ఇప్పుడు ఒకటి ఒప్పుకోవాలి. ఫోన్లో అక్క "విత్తేదా అని మీ బావను అడుగు" అన్నట్టు పైన రాశాను. అది నేను కల్పించింది. ఆమె అసలు అన్నది ఇది: "నిన్ననే విత్తేసినా. ఇప్పుడు మీ బావ నోట విత్తమనిపించు. ఎట్లనిపిస్తావో నీ ఇష్టం, అబద్ధాలు నీకు కొత్తా?" బావ ముందు నేను ప్రమాణం చేసింది వాన మీద, దాని లోతు మీద. అక్క అడిగిందని ప్రమాణం చేయలేదు, కావాలంటే వెనక్కి తిప్పి చూసుకోండి. మిగిలిందంతా జరిగినట్టే రాశాను.

చిరుతపులి కూడా.