మామయ్య పెట్టిన జావా

దయ్యాల ముచ్చట ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. మా పుట్టింటి వాడలో సగం మంది గాలి సోకిందనీ దిష్టి తగిలిందనీ తాయెత్తులు కట్టించుకుంటే, నా మెడలో ఒక్కటి కూడా వేయనివ్వలేదు. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను. యంత్రం ఏం చేసినా దానికో కారణం ఉంటుందని, కారణం దొరక్కపోతే ఒకసారి ఆపి ఆన్ చేయాలని, అప్పటికీ దొరక్కపోతే ఇంకోసారి ఆపి ఆన్ చేయాలని నమ్మే మనిషిని. నా భక్తి అంతవరకే.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాను. ఇందులో కొన్ని తగ్గించి రాశానేమో గానీ, ఏదీ పెంచలేదు.

నార్కట్‌పల్లిలో హైవే పక్కన, పంక్చర్ దుకాణానికీ చాయ్ హోటల్‌కూ నడుమ మాకొక ఆన్‌లైన్ సెంటర్ ఉంది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, భూమి కాగితాలు, కరెంటు బిల్లులు, ఆధార్‌లో తప్పులు, అన్నీ చేస్తాం. దాన్ని పెట్టింది మా మామయ్య. అంతకుముందు అదే గదిలో ఆయన టైపు నేర్పేవాడు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, ఇంట్లో కూర్చుంటే నీ చదువు తుప్పు పడుతుంది బిడ్డా అని ఆయనే నన్ను తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. కొత్త కోడలు రోడ్డు మీది దుకాణంలో కూర్చోవడమేమిటని చుట్టాలు గుసగుసలు పోయారు.

"నా కోడలు నా దుకాణంల కూసుంటే మీకేం నొప్పి?" అన్నాడు మామయ్య. ఆ మాటకు ఆయనను నేను చచ్చేదాకా మరిచిపోను.

మామయ్యకు రెండు వ్యసనాలు. ఒకటి చాయ్, రెండోది జావా.

జావా తెలియని వాళ్ల కోసం చెబుతాను. అది కంప్యూటర్‌లో తెర వెనక ఉండే సరుకు. పైకి కనిపించే పని వేరే ప్రోగ్రాం చేస్తుంది గానీ, దాన్ని నడిపించేది ఇది. సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం పడాలంటే అప్పట్లో జావా లేనిదే కుదిరేది కాదు. అందులోనూ వెర్షన్లు ఉంటాయి. మామయ్యది ఆరో వెర్షన్. హైదరాబాద్ నుంచి సీడీలో తెచ్చి, నానా తంటాలు పడి ఎక్కించాడట. మొదటి సంతకం పడిన రోజున సంతోషం పట్టలేక మానిటర్ ముందే కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు కీబోర్డులోకి పోయి కొన్ని మీటలు మళ్లీ పనిచేయలేదు. అయినా ఆయన సంతోషం తగ్గలేదు. ప్రతి దసరాకూ ఆ సీపీయూకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేవాడు. జావా గుర్తు ఆవిరి పొగలు కక్కే కప్పు. అది కాఫీ కప్పని నేను ఎంత చెప్పినా మామయ్య ఒప్పుకోలేదు. మా ఇంట్లో అది చాయ్ కప్పే.

ఆయన పోయిన మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి బయట ఉంచితే, కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇవ్వాలి. అది ముట్టేదాకా మనం అన్నం ముట్టకూడదు.

కాకి వచ్చి కరెంటు తీగ మీద కూర్చుంది, దిగలేదు. మా ఆయన, తన చెల్లెలిని మంచిగా చూసుకుంటానని మాట ఇచ్చాడు. కాకి రెక్క గోక్కుంది. అత్తమ్మ, ఆయన పటానికి రోజూ దండ వేస్తానంది. కాకి అటు ఇటు చూసింది. మా మరిది ముందుకొచ్చి తాగుడు మానేస్తానన్నాడు. కాకి వీపు తిప్పి కూర్చుంది. దానికి కూడా నమ్మకం కలగలేదని అందరికీ అర్థమైంది.

ఎండ నెత్తికెక్కింది. నాకు కళ్లు తిరుగుతున్నాయి. చేతులు జోడించి, "మామయ్యా, సెంటర్‌ల మీరు పెట్టింది పెట్టినట్టె ఉంచుత. మీ జావాను గూడ తియ్య. ఇగ రాండ్రి" అన్నాను. కాకి రివ్వున వచ్చి గారె ఎత్తుకుపోయింది. చుట్టాలంతా నన్ను మెచ్చుకున్నారు. నేను కడుపునిండా అన్నం తిని ఆ మాటను అక్కడే మరిచిపోయాను.

మరుసటి ఏడు, పెద్దల అమావాస్య పెత్రమాసకు కొన్నాళ్ల ముందు, పై ఆఫీసు నుంచి సమాచారం వచ్చింది. పాత సైట్ మూసేశారు. కొత్త సైట్‌కు జావా ఎనిమిదో వెర్షన్ ఉండాలి. పెత్రమాస తెల్లారి సాయంత్రంలోగా కొత్త సైట్‌లో పరీక్ష సంతకం పడకపోతే సెంటర్ ఐడీ రద్దవుతుంది. ఐడీ పోతే సెంటర్ పోయినట్టే. మా ఆయనది మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, ఉన్ననాడు ఉంటుంది, లేనినాడు లేదు. ఇల్లు నడిచేది సెంటర్ మీదే. నాకు భయం వేసింది.

ఎనిమిది ఎక్కించాను. సంతకం పడలేదు. కారణం సులువుగానే దొరికింది. సైట్ జావాను పిలిస్తే ఎనిమిది పలకాల్సిన చోట ఆరు పలుకుతోంది. చుట్టాలొచ్చి కోడలిని పిలిస్తే లోపలి నుంచి అత్త పలికినట్టు. పాతదాన్ని తీసేస్తే సరిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్లి ఆరును అన్‌ఇన్‌స్టాల్ చేశాను. జాబితాలోంచి పోయింది. కంప్యూటర్ ఆపి ఆన్ చేశాను.

ఆరు ఉంది.

నేనే సరిగా నొక్కలేదేమో అనుకుని మళ్లీ తీశాను. ఈసారి దాని ఫోల్డర్ కూడా చెరిపాను, రిజిస్ట్రీలో దాని పేరు ఉన్నచోటల్లా వెతికి తుడిచాను. ఆన్ చేస్తే ఫోల్డర్‌తో సహా వచ్చి కూర్చుంది. ఇంకో విచిత్రం, కొత్తగా ఎక్కిన ప్రోగ్రాం పక్కన ఇవాళ్టి తేదీ పడాలి కదా. దాని పక్కన మాత్రం మామయ్య ఎప్పుడో కొబ్బరికాయ కొట్టిన నాటి తేదీ ఉంది. అసలు కదలనే లేదన్నట్టు.

ఆదివారం ఇంటికొచ్చిన మా ఆయన మీద అనుమానపడ్డాను. "నాకు మౌస్ వట్టుడే రాదు, నన్నంటవేందే?" అన్నాడు. అది నిజమే.

నల్లగొండ నుంచి శ్రీకాంత్ అనే మెకానిక్‌ను పిలిపించాను. తెలివైనవాడు, వచ్చీ రాగానే నవ్వాడు. "అక్కా, తీసిందాన్ని వాపసు తెచ్చె సాఫ్ట్‌వేర్ ఏదో ఉంటది. జర ఆగు, చూస్త" అన్నాడు. అరగంట వెతికాడు, అట్లాంటిదేమీ దొరకలేదు. నెట్ వైరు పీకేశాడు, వైరస్ కోసం చూశాడు, ఆరును తన చేత్తో తీశాడు, ఆపి ఆన్ చేశాడు. తెర వచ్చింది. చాయ్ కప్పు వచ్చింది. శ్రీకాంత్ నవ్వడం మానేశాడు. ఇంకోసారి చేశాడు, మళ్లీ వచ్చింది. గోడ మీద దండ వేసి ఉన్న మామయ్య పటాన్ని అప్పుడు చూశాడు. "ఈయన ఎవరక్కా?" అని అడిగాడు. చెప్పాను. అర్జెంటు పని ఉందని లేచి వెళ్లాడు, హెల్మెట్ మరిచిపోయి. తిరిగి రమ్మంటే, నల్లగొండ బస్సులో డ్రైవర్ చేతికిచ్చి పంపమన్నాడు.

ఇదంతా సెంటర్‌లో మూలన కూర్చుని పత్తి వత్తులు చేసుకుంటూ చూస్తోంది అత్తమ్మ.

"గది జావా కాదు మంజులా, మీ మామనే" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పూర్తిగా అన్నీ తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కిస్తానన్నాను. ఆమె లేచి వచ్చి సీపీయూకు అడ్డంగా నిలబడింది. "తియ్య అని పిట్ట ముంగట మాటిచ్చినవ్. మాట దప్పినంక ఆయన ఊకుంటడా? బతికున్నప్పుడే ఊకోలే" అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఎండా, కాకీ, గారె.

అయినా బింకంగా, మరి ఏం చేద్దామంటావని అడిగాను. సీపీయూను యాదగిరిగుట్టకు తీసుకుపోయి ప్రదక్షిణలు చేయిద్దామంది. గాలి సోకిన వాళ్లను అక్కడికే తీసుకుపోతారు. అది నడవదు కదా అత్తమ్మా, ఎత్తుకుని తిరిగితే నా నడుం పోతుంది అన్నాను. ఆమె దాన్ని ఓసారి కదిలించి చూసి, అదీ నిజమే అంది. ఆమె ఒప్పుకున్న విషయం నా జీవితంలో అదొక్కటే.

ఆ తర్వాత ఆమె చెప్పిన మాట నిజంగా బుద్ధిగల మాట. "ఇచ్చిన మాట వాపసు తీసుకోరాదు బిడ్డా. బదులు మాట ఇయ్యాలె. ఎల్లగొడ్తె ఎవరు వోతరు? ఆయనకో జాగా చూపియ్యి."

జాగా ఉంది. నేను కోడలిగా వచ్చి మొదట కూర్చున్న ఆ పాత కంప్యూటర్ వెనక గదిలో గోనె సంచి కింద పడి ఉంది. మామయ్య పోవడానికి ముందే నేను దాన్ని పూర్తిగా తుడిచి, ఒక్క విండోస్ మాత్రమే ఎక్కించి, మరిది పిల్లలకు ఇద్దామనుకున్నాను. ఇచ్చేలోపే పిడుగు పడి దాని పవర్ బాక్స్ కాలిపోయింది. అప్పటి నుంచి అది ప్రాణం లేని డబ్బా.

పెత్రమాస రోజున పెద్దలకు ఎట్లాగూ పెట్టాలి. ఈసారి ఇంటి దగ్గర కాకుండా సెంటర్ స్లాబు మీద పెట్టాం. అన్నం, మాంసం, గారెలు. పక్క హోటల్ అతను కింది నుంచి చూసి, "పెద్దమనిషికి చాయ్ మర్చిపోతిరి గదమ్మా" అంటూ గ్లాసు తెచ్చిచ్చాడు. కాకి సెల్ టవర్ మీది నుంచి వచ్చి పిట్టగోడ చివర వాలింది. చదువుకున్న దాన్ని, పట్టపగలు, రోడ్డు మీద లారీలు పోతుండగా, కాకికి దండం పెట్టాను.

"మామయ్యా, మీ ఆరును మీ పాత కంప్యూటర్ల పెట్టుకోండ్రి. దాన్ని బాగు చేపిస్త. అండ్ల ఎవ్వరం వేలు వెట్టం. ఈ కంప్యూటర్ మాత్రం ఇడిచిపెట్టుండ్రి. సెంటర్ పోతది మామయ్యా. మీరు పెట్టిన సెంటర్." చివరి మాట దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. నటన కాదు. నిజంగానే ఏడుపొచ్చింది.

కాకి నడుచుకుంటూ వచ్చింది. మాంసం ముట్టలేదు, గారె ముట్టలేదు. చాయ్ గ్లాసులో ముక్కు పెట్టింది. ఇది నేనొక్కదాన్నే చూసింది కాదు. నిచ్చెన ఎక్కి చూస్తున్న పంక్చర్ దుకాణం యాదయ్య కూడా చూశాడు. ఆయనను ఇప్పుడు అడిగినా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు.

కిందికి దిగి ఆరును అన్‌ఇన్‌స్టాల్ చేశాను. ఆపి ఆన్ చేశాను. జాబితాలో ఎనిమిది ఒక్కటే ఉంది. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతున్నానన్న మాటే గానీ మనసంతా సెంటర్ మీదే. పొద్దున్నే వచ్చి చూశాను, ఆరు మళ్లీ రాలేదు. డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి తాళం గుచ్చి పరీక్ష పెట్టాను. ఒక్క క్షణం గిర్రున తిరిగి పచ్చ టిక్కు పడింది. ఐడీ నిలిచింది. అత్తమ్మా నేనూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఎగిరాం. ఆమె కొబ్బరికాయ తెస్తానంటే మాత్రం బయట గడప దగ్గర కొట్టమన్నాను.

ఇంతవరకైతే నేనూ సర్దుకునేదాన్ని. ఎక్కడో దాగిన పాత ఫైలు ఏదో చివరికి పోయిందని చెప్పుకునేదాన్ని. శ్రీకాంత్ కూడా ఫోన్‌లో అదే చెప్పాడు, దూరం నుంచి కాబట్టి ధైర్యంగా.

సద్దుల బతుకమ్మ అయ్యాక మాట ప్రకారం నల్లగొండ నుంచి పవర్ బాక్స్ తెప్పించి పాత కంప్యూటర్‌కు బిగించాను. దాని లోపల గడియారం నడిపే చిన్న సెల్ ఎప్పుడో చచ్చింది. ఇవాళ ఏ రోజో కూడా తెలియని యంత్రం. ఆన్ చేశాను. నేను ఎక్కించిన విండోస్ వచ్చింది. ఇక ఆరును ఎక్కిద్దామని మామయ్య సీడీ చేతిలో పట్టుకుని జాబితా తెరిచాను.

ఆరు అప్పటికే ఉంది. పక్కన తేదీ ఉంది. పెత్రమాస.

ఆ రోజున ఆ డబ్బాకు కరెంటు ఎక్కే దారే లేదు. దాన్ని తుడిచింది నేనే, మూల పడేసింది నేనే. నేను చదివిన చదువుతో అన్ని రకాలుగా ఆలోచించాను. ఇప్పటికీ కారణం దొరకలేదు. ఆపి ఆన్ చేసి కూడా చూశాను.

ఆ కంప్యూటర్ ఇప్పుడు సెంటర్‌లో మామయ్య పటం కింద ఉంది. దాంట్లో మేము వేలు పెట్టం. పొద్దున సెంటర్ తెరవగానే అత్తమ్మ దాని ముందు ఒక గ్లాసు చాయ్ పెడుతుంది. చల్లారాక తీసి పారబోయడం నా పని. ఈ మధ్య చాలాసార్లు పారబోయడానికి గ్లాసులో ఏమీ ఉండడం లేదు. అత్తమ్మే తాగుతోందని నా అనుమానం. ఆమెకు షుగర్, దవాఖానలో చాయ్ ముట్టొద్దన్నారు. కనిపెట్టడం పెద్ద పనేం కాదు, ఒకరోజు అక్కడే కూర్చుని చూస్తే చాలు. నేను ఇంతవరకు చూడలేదు.