బహ్లాలో పరిచిన బల్ల

ఆ రోజుల్లో బడి మాకు చాలా నేర్పింది కానీ, నేర్పినదాంట్లో సగం ఎక్కడ వాడాలో మాత్రం చెప్పలేదు. మా కడప జిల్లా హైస్కూల్లో వారానికి రెండు పీరియడ్లు చేతిపనికి ఉండేవి. మగపిల్లలకు వడ్రంగం, ఆడపిల్లలకు గృహవిజ్ఞానం. ఎవరికేది ఇష్టమో అడిగే అలవాటు అప్పటికింకా ఎవరికీ లేదు. నాకేమో చిత్రిక పట్టాలని ఒకటే కోరిక. "చిత్రిక పట్టి ఏం చేస్తావే, మొగుణ్ణి నున్నగా చేస్తావా?" అని టీచరమ్మ నన్ను కూర్చోబెట్టేసింది. ఆమె తన ట్రైనింగు రోజుల్లో చదువుకున్న పాఠాలే, అవి దొరల కాలంనాటివైనా సరే, అక్షరం పొల్లుపోకుండా మాకు చెప్పేది. వాటిలో ఒకటి అతిథులకు భోజనాల బల్ల అమర్చడం. బల్ల చేసిచ్చే పని వడ్రంగం క్లాసు మగపిల్లలది. వాళ్లు ఏడాదంతా కష్టపడి చేసినదానికి ఒక కాలు పొట్టిదైంది (దాన్ని హెడ్మాస్టరు నీళ్లకుండ కింద పెట్టించుకున్నాడు). దాంతో టీచరమ్మ నేలమీద చాక్‌పీసుతో బల్ల గీసింది. మేం దాని చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లం. కంచాలకు విస్తరాకులు, ముళ్ల చెంచాలకు వేపపుల్లలు, కత్తులకు స్కేళ్లు. "ఎడమ పక్క ముళ్ల చెంచా, కుడి పక్క కత్తి. పదును కంచం వైపు ఉండాలి. అతిథి వైపు తిప్పితే కయ్యానికి పిలిచినట్టే. మధ్యలో పూలు లేకపోతే అది భోజనం కాదు, మేత" అనేది. ప్రాక్టికల్ పరీక్షనాడు, తినేది కుడిచేత్తోనే కదా అని వేపపుల్ల కుడిపక్క పెట్టాను. మార్కులు కోసేసింది. ఎప్పటికైనా తప్పు లేకుండా ఒక బల్ల అమర్చి తీరాలని ఆరోజే పంతం పట్టాను.

ఆ పంతం తీర్చుకునే అదృష్టం చాలా ఏళ్ల తరువాత, ఒమాన్‌లోని బహ్లాలో కలిగింది. ఇంటిపనికని కొత్తగా వచ్చాను. మొదటి నెల పరీక్ష నెల. మేడమ్‌కు నచ్చకపోతే మళ్లీ ఏజెన్సీ ఆఫీసు బెంచీ మీదికి, అక్కణ్ణుంచి విమానం ఎక్కి ఇంటికి. బయలుదేరేరోజు మా అన్న "నీకా దేశం పొసగదు పాపా. నెల తిరక్కముందే ఏడ్సుకుంటా వస్తావు సూడు" అన్నాడు. ఏం జరిగినా ఆ మాట మాత్రం నిజం కానివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ ఆడపడుచులు భోజనానికి వస్తున్నారు. వంటంతా మేడమే చేసుకుంది. నా చేతికి ఒక ప్లాస్టిక్ షీటు చుట్ట ఇచ్చి, తనకొచ్చిన ముక్కల హిందీలో, హాల్లో నేలమీద పరచమంది. షీటు పరిచి చూద్దును కదా, అచ్చం మా టీచరమ్మ గీసిన బల్లే. నా గుండె ఉప్పొంగిపోయింది. వంటింటి సొరుగులన్నీ గాలించి కంచాలు, ఫోర్కులు పోగేశాను. చిక్కల్లా కత్తులతోనే వచ్చింది. బల్లమీద పెట్టే మొండి కత్తులు ఆ ఇంట్లో లేవు. నేను వెనక్కి తగ్గలేదు. ఉల్లిపాయలది, పళ్లది, మాంసానిది, దొరికిన కత్తినల్లా కంచాల పక్కన పెట్టుకుంటూ వచ్చాను. చివరి కంచానికి కత్తి లేకపోయింది. పెరటి తోటకు పరిగెత్తి, అక్కడ పనిచేసే జగిత్యాల తమ్ముడి కొడవలి తీసుకున్నాను. ఖర్జూరం మట్టలు కోసేది అది. పనిలో పనిగా ఇన్ని కాగితపు పూలు కూడా కోశాను.

"అక్కా, గా పూలు, కొడవలి ఏడికి కొంచవోతున్నవ్?"

"లోపల బల్ల పెట్టాల."

"గీళ్లు బల్ల మీద తినరక్కా. ఇను జర..."

"నేలమీది బల్లే. నీకు తెల్దులే" అని వచ్చేశాను. కొడవలిని శుభ్రంగా కడిగి, గుమ్మం పక్కనున్న కంచానికి కుడివైపు పెట్టి, టిష్యూలను విసనకర్రల్లా మడిచి గ్లాసుల్లో నిలబెట్టాను. మధ్యలో ఒక గిన్నెలో పూలు.

అప్పుడు మేడమ్ వచ్చింది. రెండు చేతులా మోయలేక మోస్తున్న పెద్ద పళ్లెం, దాన్నిండా అన్నం, పైన వేటమాంసం. ఆ ఒక్క పళ్లెం చుట్టూ కూర్చుని అందరూ చేత్తో తింటారని నాకప్పుడు తెలిసింది. పళ్లెం దించుదామంటే చోటు లేదు. వెనక నిలబడ్డ ఆడపడుచులు, కొత్త పనిమనిషి తమ కోసం వరసగా పేర్చిన కత్తులను చూస్తున్నారు. నాకు మా అన్న ముఖం కనపడింది. అయినా పరిగెత్తలేదు. పూలగిన్నె ఒళ్లో పెట్టుకుని అక్కడే మోకాళ్లమీద కూర్చుండిపోయాను.

ఆ ఇంట్లోనే ఉండే మేడమ్ అత్తగారు వచ్చి, గుమ్మం పక్కన కొడవలి పెట్టిన కంచం ముందే చతికిలబడింది. పెద్దామె కొడవలి చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో పదును చూసింది. కిటికీలోంచి తోట తమ్ముణ్ణి పిలిచి అరబ్బీలో గట్టిగా నాలుగు చివాట్లు పెట్టింది. ఆడపడుచులు పగలబడి నవ్వారు. చివరికి మేడమ్ కూడా పళ్లెం పట్టుకునే నవ్వింది, వాళ్లు కంచాలు, కత్తులు పక్కకు జరిపాక పళ్లెం దించింది. పెద్దామె గ్లాసులోంచి నా విసనకర్ర మడత తీసి విసురుకుంటూ, నన్ను చెయ్యి పట్టి తన పక్కకు లాక్కుని, పళ్లెంలో నా వైపుకు ఒక మాంసం ముక్క తోసింది. నాకు ఏడుపొచ్చింది. అన్న చెప్పిన ఏడుపు కాదులెండి.

సాయంత్రం తోట తమ్ముడు సంగతి చెప్పాడు. "కొడవలికి సాన పట్టలేదని నన్ను తిట్టిందక్కా ముసలామె. నువ్వు గీ ఇంట్లనే ఉండుడేనట. నువ్వు తెచ్చినంక గని కొడవలి మొద్దువడ్డదని బయటవడలేదు అన్నది. కత్తులు మాత్రం వద్దని మేడమ్ చెప్పుమన్నది."

ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాను. శుక్రవారం షీటు పరిచి, మధ్యలో పెద్ద పళ్లెం పెట్టి, గుమ్మం పక్కన గ్లాసులో ఒక టిష్యూ విసనకర్ర మడత ఉంచుతాను. పెద్దామె పోయి ఏడాది దాటింది. ఇంకెందుకని మేడమ్ అడగదు, నేనూ మానలేదు. మడత నిలబెడుతుంటే ఒక్కోసారి అప్పటి నాలోని మొండిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. కొడవలి పదును జాగ్రత్తగా కంచం వైపు తిప్పి, ఒక అడుగు వెనక్కి వేసి, "ఇప్పుడెయ్యి టీచరమ్మా మార్కులు" అనుకుంది పాపం.