మూడు ప్రాణాల ఊరికి నాలుగు బస్సులు

ఇంటర్నెట్‌లో ఒక లోకం ఉంది. అందులో జాగా తీసుకుని ఎవరి ఆట వాళ్లు కట్టుకోవచ్చు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మా బామ్మర్ది రాజేశం ఉన్న సాంచాలు ఆపి మరీ ఆ షెడ్డులో గంటకింతని కంప్యూటర్లు పెట్టి, ఆ లోకంలో ఒక లేని ఊరు కట్టాడు. అందులో రెండు పక్షాలు తుపాకులతో కొట్లాడుకుంటాయి. లెక్కలు తెలిసినవాణ్నని నియమాలు నన్ను రాయమన్నాడు. పోటీ ఆదివారం మూడింటికి. ఆడేవాళ్లకు చూపించే నియమాల కాగితం అచ్చయి చేరకపోతే ఆట లేదు.

మా జగిత్యాలలో శనివారం ప్రింటర్ దొరకక ఆదివారం ఉదయం 7.10 బస్సుకు కోరుట్ల వెళ్లాను. ఇంటర్నెట్ సెంటర్ యజమాని కాగితం చదివి ముఖం చిట్లించాడు.

"కాకా, గీ 'దళం' అన్న మాట తీసెయ్యరాదు?"

"లెక్క సరిగ్గ ఉన్నదా లేదా?"

"లెక్క మంచిగనే ఉన్నది. మాటే మంచిగ లేదు."

మాటలు నా పని కాదన్నాను.

10.20కి వేములవాడ. రెండు ఇడ్లీలు, ఒక చాయ్. సిరిసిల్ల బస్సులో మొక్కు తీర్చుకున్న గుండ్లు వేలు చూపి పదిహేడు లెక్కపెట్టాను. 11.05కి పోలీసులు బస్సు ఆపి అందరినీ దింపారు. నా సంచిలోంచి కాగితం తీసి ఎస్సై పైకి చదివాడు.

"ఎర్ర దళం పన్నెండు మంది. ఖాకీ దళం పన్నెండు మంది. మనిషికి మూడు పానాలు. ఏందిది?"

"కంప్యూటర్ల ఆట సార్."

"సచ్చినోడు లేస్తడా?"

"పది సెకండ్లకు లేస్తడు సార్."

"మావోడు గూడ?"

"ఇద్దరికి సమానంగ కట్టిన సార్."

వెనక నుంచి ఒక గుండు అమ్మ కేకేసింది. "ఇడిసిపెట్టుండ్రి సారూ! గాయన మా గుండ్లు గూడ లెక్కవెట్టిండు. గదొక పిచ్చి!"

నలభై నిమిషాలకు ఎస్సై రెండు చోట్లా 'దళం' కొట్టేసి, 'జట్టు' అని రాసి కాగితం ఇచ్చాడు. 12.10కి సిరిసిల్లలో దిగి కాగితం రాజేశం చేతిలో పెట్టాను.

"జట్టు అంటే కబడ్డీ అనుకుంటరు గద బావా!" అని రాజేశం మొత్తుకున్నాడు. నేను ఎలా వచ్చానని అడగలేదు. మూడింటికి యుద్ధం మొదలైంది. 3.20కి కరెంటు పోయింది. ఇరవై నాలుగు మందీ ఒకేసారి పోయారు. ఈ చావుకు నా కాగితంలో నియమం లేదు.

అయిదింటి బస్సెక్కాను. అదే చోట మళ్లీ ఆపారు. పొద్దున బస్సు ఆపిన కానిస్టేబుళ్లలో ఒకతను నన్ను గుర్తుపట్టి, కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"కాకా, గా ఊర్లె పోస్టింగ్ దొరుకుతదా?"

"గంటకు ఇరవై రూపాయలే సార్."

అతను రోడ్డుకు రెండు వైపులా చూశాడు.

"మూడు పానాలకు అగ్గువనే" అన్నాడు.